మేకులు కొట్టిన కిటికీ

“కూలర్ బాగానే ఉంది. బాగాలేనిది మీ బుర్ర!” మా తమ్ముడు స్క్రూడ్రైవర్ బల్లమీద విసిరికొట్టాడు.

మా కుట్టుషాపు యజమాని మొహం కందగడ్డలా అయింది. కూలర్ చూడమని వాణ్ణి పిలిపించింది నేనే.

“బయటి పొడిగాలి ఈ తడి ప్యాడ్లలోంచి వస్తుంటే, నీళ్లు ఆవిరవుతూ దాని వేడిని లాక్కుంటాయి. అందుకే చల్లబడుతుంది. లోపలి తేమగాలి పోవడానికి దారే లేకపోతే కొత్తగాలి ఎలా వస్తుంది? ఉన్న ఒక్క కిటికీకీ మేకులు కొట్టి, మా అక్కనీ ఈ ఇరవైమందినీ ఉడకబెడుతున్నారు!”

మిషన్లన్నీ ఆగిపోయాయి.

“పోయిన నెల ఆ కిటికీలోంచే చొక్కాల కట్ట మాయమైంది,” యజమాని పళ్లు బిగబట్టాడు. “ఒక్కరూ నోరు విప్పలేదు. ఆ రోజే మేకులు కొట్టించాను.”

“ఒక్క కట్ట కోసం ఇంతమంది ఉసురు పోసుకుంటారా? చేతనైతే దొంగని పట్టుకోండి!”

వాడు పటకారు తీసుకుని మేకులు పీకేశాడు. కిటికీ తెరుచుకుంది. కాసేపటికి నా మెడమీద చెమట చల్లగా ఆరింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. నేను మాత్రం కుట్టు మీంచి కళ్లు ఎత్తలేదు.

“నువ్వెందుకక్కా తలొంచుకుంటావ్? తలెత్తు!” వాడు నామీదా అరిచాడు.

పుట్టినరోజుకి కొన్నానని చెప్పి నేనిచ్చిన చొక్కా వాడి ఒంటిమీదుంది. కిటికీ వెలుతురులో యజమాని దాని కాలరు వంకే చూస్తున్నాడు.