పూసమ్మ పోగు

ఒక మనిషి నోట్లో, దవడ పంటి మీద, సూక్ష్మజీవుల ఊరొకటి ఉండేది. అందులో పూసమ్మ, గుండ్రయ్య అచ్చం ఒకేలా ఉండేవాళ్ళు. ఇద్దరూ గుండ్రటివాళ్ళే, ఇద్దరి బలగమూ పూసల దండలా వరసకట్టి నిలబడేదే. అందుకని ఊరు ఇద్దరిదీ ఒకే వంశమని తేల్చేసింది.

ఒకనాడు పంటికి గుంత పడింది. పన్ను పోతే ఊరు పోయినట్టే.

"పులుపు కక్కి తొలిచింది పూసమ్మే! మా వంశానికే మచ్చ తెచ్చింది, వెళ్ళగొట్టండి," అని గుండ్రయ్య గోల పెట్టాడు.

పూసమ్మ బెదరలేదు. ప్రతి జీవి లోపలా దాని వంశమూ విద్యలూ రాసి ఉన్న దారంలాంటి పోగు ఒకటి ఉంటుంది. ఆ రాత చదవగలిగేది నాలుక మీద కాపురముండే ముసలి నాలుకవ్వ ఒక్కతే. పూసమ్మ నేరుగా ఆమె దగ్గరికే వెళ్ళింది.

"అవ్వా, రూపం చూస్తే ఏం తెలుస్తుంది? నా పోగు విప్పి చదువు."

"విప్పితే నువ్వు మిగలవే తల్లీ!"

"నాలోంచి చీలిన చెల్లెళ్ళున్నారుగా. వాళ్ళలో ఉన్నదీ ఇదే పోగు. చదువవ్వా, నాకు భయం లేదు."

అవ్వ కళ్ళు తుడుచుకుని పోగు విప్పింది. ఒక్క అక్షరం వదలకుండా ఊరంతా వినేలా చదివింది. పన్ను తొలిచే విద్య అందులో ఎక్కడా లేదు. పులుపును విరిచే విద్య ఉంది.

"ఇది గుండ్రయ్య వంశం కాదు. ఇన్నాళ్ళూ మనం పేరైనా పెట్టని వంశం," అంది అవ్వ. "ఇక నీ పోగు తీయి, గుండ్రయ్యా."

గుండ్రయ్య చిగుళ్ళ సందులోకి జారుకున్నాడు. గొడవ సద్దుమణిగిందనుకుని తిరిగొచ్చేసరికి, గుంత చుట్టూ పూసమ్మ చెల్లెళ్ళు పులుపు విరుస్తూ ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. అతనికి కాలు మోపే చోటు దొరకలేదు.