గైడుల సమ్మె

ఫ్రాన్స్‌లోని లియోన్‌లో మా టూరిస్టు గైడులంతా సమ్మెకు దిగిన రోజు, పాతికేళ్లలో మొదటిసారి మా ఆవిడ సొలాంజ్‌ని తీరిగ్గా ఊరు చూడ్డానికి తీసుకెళ్లాను. సంఘం పెట్టిన షరతు ఒక్కటే. సమ్మె ముగిసేదాకా ఏ గైడూ ఊరి గురించి నోరు విప్పకూడదు, ఇంట్లోవాళ్ల దగ్గర కూడా. ఉచితంగా చెబితే సమ్మె నీరుగారిపోతుందట.

కొండ మీద చర్చి ముందు నిలబడి, "ఇదెప్పుడు కట్టారు, ఫెర్నాన్?" అని అడిగింది.

"సమ్మె," అన్నాను.

పట్టు నేతగాళ్ల పేటలో మళ్లీ అడిగింది. "ఈ ఇళ్లకి ఇంతెత్తు కప్పులెందుకు?"

మగ్గాల కోసమన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

మధ్యాహ్నం రెండు గంటలసేపు భోంచేసి, నది ఒడ్డున వైన్ తాగుతూ కూర్చున్నాం. పక్క టేబుల్ దగ్గర ఎవరో పెద్దమనిషి, ఎదురుగా ఉన్న ఇనుప వంతెనని రోమన్లు కట్టారని పెళ్లానికి చెబుతున్నాడు. దిద్దబోయి, గ్లాసు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"ఇక నావల్ల కాదు. సమ్మె ఆపేద్దామని రేపే సంఘంలో చెప్పేస్తా."

"నోర్మూసుకో! ఒక్క మెట్టు దిగావంటే ఊరుకోను," అంది సొలాంజ్. "పాతికేళ్లుగా నా వంటింట్లో కూడా నీ రోమన్ల కథలే. ఈ ఊరు ఇంత బాగుంటుందని ఇవాళే తెలిసింది."

"మరి పొద్దుట్నుంచీ ఆ ప్రశ్నలెందుకు?"

"షరతు పాటిస్తున్నావో లేదో చూద్దామని. 'ఇంట్లోవాళ్ల దగ్గర కూడా' అన్న ముక్క, మీ గైడుల పెళ్లాలమంతా కలిసి పెట్టించిందేగా!"