మబ్బి నుదుటి మచ్చ

మబ్బి ఈడొచ్చిన గేదె పడ్డ. ఒళ్లంతా కారునలుపు, నుదుటి మీద మాత్రం చారెడంత తెల్లమచ్చ. దాన్ని చూసి తోటి పడ్డలు "అదుగో సున్నప్పిడత!" అని ఒకటే నవ్వు. అందరికంటే ముందు మొదలెట్టేది గంగి.

రోజూ ఇదే పాట. పోనుపోను మబ్బికి మేత సయించలేదు. మడుగులో దిగి మొహమంతా బురద పూసుకుని, మందలో ఎవరికీ కనబడకుండా నడిచేది.

ఓ సందెవేళ మంద ఇల్లు చేరింది గానీ మబ్బి అమ్మమ్మ రాలేదు. మబ్బి వెనక్కి పరుగెత్తింది. చూపు మందగించిన ఆ ముసలి గేదె దారి తప్పి తుమ్మకంపలో నిలబడి, "మబ్బీ! ఎక్కడే తల్లీ?" అని అరుస్తోంది.

"నీ పక్కనే ఉన్నానమ్మమ్మా!"

"మరి నీ మచ్చేదే? ఈ కళ్లకి ఆనేది అదొక్కటే. నువ్వు వెనక్కి తిరిగినప్పుడల్లా దాన్ని చూసుకునే కదే ఇన్నాళ్లూ ఇంటికొస్తున్నాను!"

మబ్బి వెక్కివెక్కి ఏడుస్తూ జరిగిందంతా చెప్పింది. అమ్మమ్మ గరుకు నాలుకతో ఆ బురదంతా నాకేసింది.

మర్నాడు గంగి మబ్బికి ఎదురుగా వచ్చి నిలబడి, "సున్నప్పి..." అనబోయింది.

"పక్కకి జరగవే," అంది గంగి వెనకనుంచి అమ్మమ్మ. "నా దీపానికి అడ్డమొస్తున్నావు."