చేతిలో టార్చి

తాళం తీసి ఉంది.

బావమరిది గేటు దగ్గరే ఆగిపోయాడు. రాత్రి తనే వేశాడు ఆ తాళం, రెండుసార్లు లాగి మరీ చూసుకున్నాడు.

మూడు రోజుల పనిమీద ఊరెళుతూ బావ తన చేపల గదిని అతనికి అప్పగించాడు. పెద్ద రోడ్డు పక్కన మేడకింద సెల్లార్. పేరుకైనా ఒక్క కిటికీ లేదు. లోపల నలభై అద్దాల తొట్లు.

"పదింటికొచ్చి మేత వెయ్యి, చాలు. లైట్ల సంగతి..." అని బావ ఏదో చెప్పబోయాడు.

"అన్నీ నేను చూసుకుంటాగా బావా! బస్సు పోతుంది, నువ్వు బయల్దేరు" అని సాగనంపేశాడు.

మూడు ఉద్యోగాలు ఊడగొట్టుకున్న మనిషి. అక్క ఇంట్లో తిని కూర్చుంటున్నాడని అందరి నోళ్లలోనూ నానుతున్నాడు. బావ నమ్మి ఒక పని చెప్పడం ఇదే మొదలు. అందుకే పదింటికి రమ్మంటే తెల్లవారకుండానే వచ్చాడు.

అందులోనూ మూల తొట్టిలో మూరెడు పొడవు వెండిరంగు చేప ఉంది. మగచేప. పిల్లల్ని నోట్లో పెట్టుకుని కాపాడుతోంది, నలభై రోజులుగా మేత ముట్టలేదు. ఇంకో పది రోజులాగితే పిల్లల్ని బయటికి వదులుతుంది. దాని కోసం బావ ఆరేళ్లు ఎదురుచూశాడు.

బావమరిది మెట్లు దిగి తలుపు తోశాడు.

కటిక చీకటి. ఆ మూల తొట్టి దగ్గర మాత్రం మిణుకుమిణుకుమని చిన్న వెలుగు.

ఎవరో మనిషి. అద్దానికి చెవి ఆనించి నిలబడ్డాడు. చంకలో కర్ర. చేతిలో టార్చి, దానికి గుడ్డ చుట్టి ఉంది.

టార్చికి గుడ్డ చుట్టేది దొంగ కాక ఇంకెవడు?

"ఎవడ్రా నువ్వు?"

"మెల్లగా బాబూ" అన్నాడా మనిషి, ఇటు తిరక్కుండానే. "అవింకా లేవలేదు."

"దొంగతనానికొచ్చి నాకే చెప్తావా!"

మొదటి దెబ్బ దవడమీద పడింది. దొంగన్నవాడు తప్పుకుంటాడు, కనీసం చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. వీడు రెండూ చెయ్యలేదు. రెండో దెబ్బకు ముక్కు పగిలింది. మూడోదానికి కూలబడ్డాడు. టార్చి దొర్లిపోయింది.

"తాళంచెవి ఎక్కడ కొట్టేశావ్?"

"మీ బావగారే ఇచ్చారు బాబూ..."

"నాకు చెప్పకుండానా?"

డొక్కలో తన్నాడు. లోపల ఏదో పుటుక్కుమంది. కిందపడ్డవాడి చెయ్యి కర్ర కోసం తడుముతోంది. ఎదురు కొడతాడేమోనని కర్ర లాక్కుని, మోకాలికేసి రెండు ముక్కలు చేశాడు.

"ఉండు, నీ మొహమేంటో చూద్దాం."

చెప్పుల చప్పుడు గోడవైపు మళ్లిందో లేదో, కిందున్నవాడు కేక పెట్టాడు.

"లైట్లు వద్దు! మీ కాళ్లు పట్టుకుంటాను. కొట్టండి, ఇంకా కొట్టండి, లైట్లు మాత్రం వెయ్యకండి!"

"మొహం బయటపడుతుందనా?"

బోర్డుమీద స్విచ్‌లన్నీ అరచేత్తో ఒక్కసారి నొక్కేశాడు.

గది భగ్గుమంది. బావమరిది కళ్లు గట్టిగా మూసుకున్నాడు. కిందున్నవాడు రెప్పయినా వెయ్యలేదు.

అప్పుడు మొదలైంది చప్పుడు. నలభై తొట్లలోనూ చేపలు పిచ్చెత్తినట్టు అద్దాలకేసి తలలు బాదుకున్నాయి. నీళ్లు ఎర్రబడ్డాయి. మూల తొట్టి మూత ఎగిరింది. వెండిచేప నేలమీద దబ్బున పడి, కొట్టుకుని, నోరు తెరిచింది. వేలెడంత లేని పిల్లలు సిమెంటుమీద చెల్లాచెదురయ్యాయి.

ఆ మనిషి నెత్తురోడుతూనే చప్పుడొచ్చిన వైపు పాకాడు. పిల్లల్ని ఒక్కొక్కటే తడిమి తడిమి దోసిట్లోకి ఎత్తుకోసాగాడు.

"నీళ్లు! ఎవరైనా నీళ్లివ్వండి!"

"చేసిందంతా చేసి పైగా నాటకమా!"

దోసిలిని తన్నాడు. కాలరు పట్టుకుని పద్దెనిమిది మెట్లూ ఈడ్చుకెళ్లి రోడ్డుమీదకు గెంటాడు. మళ్లీ కిందికొచ్చి వెండిచేపను నీళ్లలో వేశాడు. అది వెల్లకిలా తేలింది. బావకు ఏం చెప్పాలి?

పైన లారీ బ్రేకు కీచుమంది. జనం అరిచారు. ఎవరి గోల వాళ్లది అనుకున్నాడు.

ఫోన్ మోగింది. బావ.

"బావా, ఘోరం జరిగింది! దొంగ దూరాడు. చేపలన్నీ పోయాయి. కానీ వాణ్ని చితక్కొట్టి రోడ్డుమీదకు గెంటాను. గుడ్డ చుట్టిన టార్చితో సహా దొరికాడు బావా!"

బావ మధ్యలోనే అందుకున్నాడు.



"గుడ్డ ఎన్ని పొరలుందో చూడు."

టార్చి తీసి చూశాడు. "నాలుగు."

"పావుగంటకో పొర విప్పుతాడ్రా. గుడ్డంతా విప్పాక గానీ గది లైటు వెయ్యడు. కిటికీ లేని ఆ గదికి రోజూ అలా తెల్లవారుస్తాడు. ఆరేళ్లలో ఒక్క చేప తల పగల్లేదు. టీ తప్ప ఇంకేం పుచ్చుకోడు మహానుభావుడు." బావ గబగబా అడిగాడు. "ఆయన కర్ర ఆయన చేతిలోనే ఉందా?"

బావమరిది నేలమీది రెండు ముక్కలవైపు చూశాడు. పైన జనం గోల పెరుగుతోంది.

"రోజూ నేనే చెయ్యి పట్టుకుని ఆ రోడ్డు దాటిస్తాను, నేను లేనప్పుడు ఆ కర్రే ఆయనకు దిక్కు. పరిగెత్తరా! ఆ టార్చి చేపల కోసం పట్టుకుంటాడు, ఆయనకు పుట్టుకతోనే చూపు లేదు."