శేషన్న నడక

“తల ఎత్తురా. నేల మింద ఏమన్నా పారేసుకున్యావా?”

తిమ్మయ్య తల ఎత్తాడు. నెల రోజులుగా సాయంత్రం పూట శేషన్న వాకిట్లో అటూ ఇటూ నడవడమే అతని పని. అతను శేషన్న దగ్గర జీతగాడు.

అతని భార్య హంపమ్మను ఆమె అన్న బనగానపల్లెకు తీసుకుపోయి తిరిగి పంపలేదు. తిమ్మయ్య రెండుసార్లు వెళ్లాడు. బావమరిది గడప ముందు నిలబడి, నోరు పెగలక తిరిగి వచ్చాడు. అమావాస్య లోపల వచ్చి మాట్లాడకపోతే ఆమెకు మారుమనువు చేస్తామని ఇప్పుడు కబురు పంపారు.

“మాట గొంతులోనే నిల్చిపోతాదయ్యా.”

“ఎదుటోని కండ్లల్లోకి చూడాకు. బొమల నడుమ చూడు. కండ్లల్లోకి చూసినట్లే ఉంటాది వానికి. అడిగినెంటనే బదులు చెప్పాకు. ఊపిరి పీల్చుకోని చెప్పు.”

“భయమైతే?”

“భయపడేది తిమ్మయ్య గదా? వాన్ని ఇంట్లో పెట్టి రా. నువ్వు శేషన్నవి అనుకో. నా మాదిరి నడువు, నా మాదిరి కూసో, నా మాదిరి దగ్గు. పెద్ద ఈరన్న మనుషులు నన్ను నరుకుతామని ఊరూరా చెప్పుకుంటా తిరుగుతాండారు. నేను తల వంచితినా?”

“ల్యాదు.”

“మరి నువ్వేల వంచుతావు?”

తిమ్మయ్య రోజూ పొద్దున అద్దం ముందు నిలబడి “నేను శేషన్నను” అనుకున్నాడు. మొదట నవ్వు వచ్చింది. తర్వాత రాలేదు. మీసం పెంచాడు.

ఒక సాయంత్రం శేషన్న భార్య గంగక్క మజ్జిగ తెచ్చి, వాకిట్లో నడుస్తున్న మనిషి వీపు చూసి, “ఇంగా ఎంతసేపు? తాగు,” అంది. తిమ్మయ్య వెనక్కి తిరిగాడు.

“నీ పాసుగూల! నా మొగుడనుకుంటి గదరా!”

అరుగు మీద నుంచి శేషన్న నవ్వాడు. “ఇంగ సాలు. రేపు పో.”

మరుసటి రోజు తన జరీ తలపాగా తానే తిమ్మయ్యకు చుట్టాడు. తన కోటు, కిర్రుచెప్పులు ఇచ్చాడు. తన గూడుబండి కట్టించి, తోలడానికి దాసన్నను పిలిపించాడు.

“మసకేళ బయల్దేరితే పొద్దున్నే మీ బామ్మర్ది గడపలో ఉంటావు. ఈ బండి జూసి వాడే లేసి నిలబడ్తాడు.”

తిమ్మయ్య కాళ్లకు మొక్కబోయాడు. శేషన్న భుజాలు పట్టి ఆపాడు.

“శేషన్న ఎవురికన్నా మొక్కుతాడేమిరా?”

ఊరు దాటాక దాసన్న, “ఈ ఏషంలో నీ పెండ్లాం నిన్ను గుర్తుపట్టదేమోప్పా,” అన్నాడు.

“పట్టకుంటేనే మేలు. గుర్తుపట్టినప్పుడు వాళ్లన్న ఎంట పాయె గదా.”

ఇద్దరూ నవ్వుకున్నారు. వంక ఇసుకలో బండి నెమ్మదించింది. తుమ్మచెట్ల చాటు నుంచి నలుగురు వచ్చి ఎద్దుల పగ్గాలు పట్టుకున్నారు.

“ఎవురు బండ్లో?”

తన పేరే తిమ్మయ్య నోటిదాకా వచ్చింది. మింగాడు. ఊపిరి పీల్చుకున్నాడు. అడిగినవాని బొమల నడుమ చూశాడు.

“కండ్లు కనపడల్యా? శేషన్నను.”

ఆ నలుగురిలో ఒకడు అడుగు వెనక్కి వేశాడు. తిమ్మయ్యను చూసి ఒక మనిషి వెనక్కి జరగడం అదే మొదలు.

మిగిలిన ముగ్గురూ కొడవళ్లు తీశారు. దాసన్న బండి మీద నుంచి దూకి, చేలకు అడ్డంపడి పరుగెత్తాడు.

అతను రొప్పుతూ వచ్చేసరికి శేషన్న వాకిట్లో మంచం మీద కూర్చొని ఉన్నాడు.

“నరికేసినారయ్యా! నువ్వనుకోని తిమ్మయ్యను నరికేసినారు!”

గంగక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శేషన్న లేచి చెంబుతో నీళ్లు ఇచ్చాడు. దాసన్న తాగేదాకా ఆగాడు.

“కోర్టులో నలుగుర్నీ గుర్తుపడ్తావు గదా?”