స్టేషన్ మూసేశాక

“రాత్రి ఆఖరి పాటలయిపోగానే హోరుమంటోందిరా. చెవులు పగిలిపోతున్నాయి” అంటూ నందిగామలో రేడియోలు బాగుచేసే ప్రేమానందం బల్ల మీద నా రేడియో పెట్టాను.

అతను వెనక చెక్క ఊడదీసి చూశాడు.

“రోగమేం లేదు బాబాయ్. స్టేషన్ గట్టిగా అందితే ఇది తనంతట తనే గొంతు తగ్గించుద్ది, సన్నగా అందితే పెంచుద్ది. స్టేషన్ మూసేశాక ఏమీ అందదు గదా, ఉన్న బలమంతా పెట్టి వెతుకుద్ది. నీలాగా నోరు మూసుకుని కూర్చోదు.”

“మీ పిన్ని ఉండగా ఈ గోల లేదే!”

“ఉండే ఉంటది. పాటలవగానే పిన్ని కట్టేసేదేమో.”

నిజమే. నేను మంచం దిగేవాణ్ణి కాదు. జయమణే లేచి కట్టేసేది. ఆమె పోయాక, వంటింట్లో పిల్లి కదిలినా నా చెవులు అటే పోతున్నాయి.

“పోనీ, ఆ ఏర్పాటు తీసేసి ఒకే బలానికి కట్టెయ్యనా? హోరు తగ్గుద్ది. దూరం స్టేషన్లు మాత్రం అందవు.”

“వద్దులే.”

“మరి గోలో?”

“వెతకనీరా” అన్నాను.

రేడియోను కండువాలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని జగ్గయ్యపేట బస్సులో కూర్చున్నాను.