నిమ్మకాయ ఎక్కువైంది

పోయిన మూడోరోజు, చిన్నదినం నాడు, మాలకొండయ్య పేరు చెప్పి మిరపచేను గట్టున పక్షికి పెట్టిన విస్తరిని గంటైనా కాకి ముట్టలేదు.

"నా మీద కోపం అన్నయ్యా ఆయనకి," అంది అతని భార్య నాంచారమ్మ, పక్కనున్న కోటిలింగంతో. "ఓడ ఉద్యోగం వదిలొచ్చాక పన్నెండేళ్లు మోసం చేశాను. రోజూ సాయంత్రం రమ్ములో నిమ్మకాయ పిండి, పంచదార కలిపి నేనే ఇచ్చేదాన్ని. కనపడకుండా సగానికి సగం నీళ్లు పోసేదాన్ని. తాగి తాగి పోతాడేమోనని భయం. అయినా దక్కలేదు."

అందుకే ఇవాళ విస్తరి పక్కన పెట్టిన గ్లాసులో చుక్క నీళ్లు కలపలేదామె.

మాలకొండయ్యతో ఒకే ఓడలో పనిచేసిన కోటిలింగం వంగి గ్లాసు వాసన చూశాడు.

"ఇది వాడు తాగేది కాదు చెల్లెమ్మా."

"అసలైంది ఇవాళే పోశానన్నయ్యా."

"నీళ్ల సంగతి వాడికి మొదటి రోజే తెలుసు. నాకు ఉత్తరం రాశాడు. ఓడలో పెద్దాఫీసరు కలిపేవాడు, ఇంట్లో మా నాంచారి కలుపుద్ది, నేను బతకాలని దాని తాపత్రయం, తెలుసంటే సిగ్గుపడుద్ది అని."

నాంచారమ్మ గ్లాసు చేతిలోకి తీసుకుంది.

రోజూ మొదటి గుక్కకే మాలకొండయ్య మొహం చిట్లించి, "నిమ్మకాయ ఎక్కువైందే" అనేవాడు. మర్నాడు ఆమె ఒక బద్ద తగ్గించేది. చివరికి రెండు చుక్కలే పిండినా అదే మాట అన్నాడు, నీళ్ల మాట మాత్రం ఎత్తలేదు.

ఆమె గ్లాసులో సగం మట్టిలో ఒంపి, చెంబుతో నీళ్లు పోసింది. మిగిలిన నిమ్మకాయంతా పిండేసింది. కాకి కోసం తలెత్తి చూడలేదు.

"ఇవాళ నిజంగానే ఎక్కువైంది మావా," అంది.